చదరంగం మనదే... మరి రూల్సు?

"చెస్ కనిపెట్టింది మనమే కదా!" టీ బ్రేక్‌లో ఈ మాట వినని వాళ్ళుండరు. 2024లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది. నిజమే, కాదనను. కానీ నాకెందుకో అది సగం కథే అనిపిస్తుంది.

చతురంగం అంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. నాలుగంగాల సైన్యం అన్నమాట. ఏడో శతాబ్దంలో బాణభట్టు రాసిన హర్షచరితంలోనే దీని ప్రస్తావన ఉంది. ఆట పర్షియా వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది. వాళ్ళ 'షా మాత్' నుంచే మన చెక్‌మేట్ వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలోనే అల్ అద్లీ దీని మీద పుస్తకం రాశాడు.

ఐతే ఆ ఆట మహా నిదానం. మంత్రి ఐమూలగా ఒక్క గడే కదిలేవాడు. యూరప్ వాళ్ళు ఆ మంత్రిని రాణిగా మార్చుకుని, 15వ శతాబ్దం చివర్లో స్పెయిన్ ప్రాంతంలో బోర్డంతా తిరిగే బలం ఇచ్చేశారు. శకటుకీ అప్పుడే బలం పెరిగింది. 1497లో లూసెనా అచ్చు వేసిన పుస్తకంలో పాత రూల్స్ సమస్యలూ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. మైగ్రేషన్ మధ్యలో రాసిన డాక్యుమెంటేషన్ లాగా! ఇవాళ మనం ఆడేది ఈ కొత్త వర్షనే. మనం మాత్రం ఇప్పటికీ ఆ రాణిని మంత్రి అనే పిలుస్తాం, చిత్రం కదూ!

మరి మన దగ్గర? మంత్రికి కొత్త బలం ఇక్కడికీ వచ్చింది గానీ, మిగతా రూల్స్ చాలాకాలం వేరుగానే ఉండేవి. బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే జరిగేది. కాజిలింగ్ బదులు రాజు ఒకసారి గుర్రంలా దూకేవాడు. పంజాబ్ పల్లెటూరి వాడు మీర్ సుల్తాన్ ఖాన్ నేర్చుకున్నది ఈ ఆటే. తర్వాత యూరప్ రూల్స్ కొత్తగా నేర్చుకుని, 1929లో లండన్ వెళ్ళి, ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933ల్లో మళ్ళీ గెలిచాడు. మధ్యలో కాపాబ్లాంకా అంతటివాడినీ ఓడించాడు. ఫిడే ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది ఎప్పుడనుకున్నారు? 2024లో! పోయాక దాదాపు అరవై ఏళ్ళకి.

ఆట పుట్టిన దేశంలో మొదటి గ్రాండ్‌మాస్టర్ ఆనంద్, అదీ 1988లో. ఆ తర్వాత మన తెలుగువాళ్ళు హరికృష్ణ, హంపి, వరంగల్ కుర్రాడు అర్జున్. వీళ్ళెవరూ 'మా తాతలు కనిపెట్టారు' అని గెలవలేదు. రోజుకి గంటల తరబడి బోర్డు ముందు కూర్చుని గెలిచారు.

అందుకే ఎవరైనా "కనిపెట్టింది మనమే" అంటే నేనిప్పుడు ఒక ముక్క కలుపుతాను: "అవును, కానీ మళ్ళీ నేర్చుకున్నదీ మనమే". నా మటుకు నాకు ఆ రెండోదే ఎక్కువ గర్వంగా ఉంటుంది. మీరేమంటారు?