నజ్ద్ బావుల మీద ఇంజన్లు, పొలాల్లో ట్రాక్టర్లు: ఒక మరమ్మతు చరిత్ర

సౌదీ అరేబియా నడిగడ్డ అయిన నజ్ద్‌లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. అక్కడ సేద్యమంటే మొదట బావిలోంచి నీళ్లు తోడడమే. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ఆ పని ఒంటెలు, ఎడ్లు, గాడిదలు చేసేవి. బావి గట్టున కొయ్య గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలుసంచి ఉండేవి. పశువు ఏటవాలు దారిలో కిందికి నడుస్తుంటే సంచి పైకొచ్చి తొట్టిలో కుమ్మరించేది. సవానీ అనే ఈ ఏర్పాటు తెలుగు నేల మీది తొండం మోటకు దాదాపు సరిజోడు. విరిగిన గిలకకు కర్ర, తెగిన మోకుకు ఖర్జూరపు నార, చిరిగిన సంచికి తోలు ఊళ్లోనే దొరికేవి. ఇంజన్ వచ్చాక ఆ వీలు పోయింది. మరమ్మతుకు కావలసిన వస్తువు సముద్రం దాటి రావలసి వచ్చింది. అక్కడి పాత యంత్రాల కథంతా ఈ దూరం చుట్టూనే తిరుగుతుంది.

1940ల నుంచి ఈ బావుల దగ్గరికి ఇంగ్లండు ఆయిల్ ఇంజన్లు చేరసాగాయి. స్టామ్‌ఫర్డ్‌లో తయారైన బ్లాక్‌స్టోన్, డర్స్‌లీలో తయారైన లిస్టర్, లింకన్‌లో తయారైన రస్టన్ పేర్లు రైతుల నోట నలిగాయి. బరువైన ఫ్లైవీలు, నెమ్మదైన నడక ఈ ఇంజన్ల గుణాలు. లిస్టర్ సీఎస్ ఒంటి సిలిండరు ఇంజన్ మొదట్లో నిమిషానికి 600 చుట్లు తిరిగి 5 అశ్వశక్తినీ, తర్వాతి రోజుల్లో 650 చుట్లతో 6 అశ్వశక్తినీ ఇచ్చేది. బ్యాటరీ అక్కర్లేదు, హ్యాండిల్ తిప్పగల చేతులుంటే చాలు. ఎడారి పల్లెకు ఇంతకంటే తగిన యంత్రం ఆ కాలంలో లేదనే చెప్పాలి.

అయితే పంపు నీటిని పీల్చగల లోతుకు ప్రకృతే హద్దు పెట్టింది. గాలి ఒత్తిడి నిలపగల నీటి ఎత్తు సుమారు 10 మీటర్లు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటితే మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు పీల్చలేదు. నీరు అడుగుకు పోయిన కొద్దీ పంపును బావి లోపలికి దించి, పైనుంచి బెల్టుతోనో ఇరుసుతోనో తిప్పవలసి వచ్చేది. బావి లోపల అరుగు కట్టుకుని ఆయిల్ ఇంజన్ దించుకున్న తెలంగాణ మెట్టరైతుకు ఈ చిక్కు తెలియనిది కాదు.

యంత్రసేద్యం పెద్ద ఎత్తున మొదలైన చోటు అల్ ఖర్జ్. రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, లోతైన సహజ నీటి గుంటలున్న ప్రాంతమది. 1930ల చివర ఆర్థికమంత్రి అబ్దుల్లా అల్ సులైమాన్ చొరవతో అక్కడ ప్రభుత్వ సేద్యం ఆరంభమైంది. 1942లో కార్ల్ ట్విచెల్ నాయకత్వాన అమెరికా వ్యవసాయ బృందం దేశమంతా తిరిగి నీటివనరులను పరిశీలించింది. 1944 చివర డేవిడ్ రోజర్స్ నాయకత్వాన మరో అమెరికా బృందం వచ్చి అల్ ఖర్జ్ పొలాలను నడిపింది. ఆ తర్వాత ఆ బాధ్యత చమురు కంపెనీ ఆరాంకో చేతికి వెళ్లింది. గుంటల మీద పెద్ద పంపులు, దుక్కికి ట్రాక్టర్లు అక్కడ కుదురుకున్నాయి. ఆ పంటలో మంచి భాగం రాజకుటుంబపు వంటశాలలకే పోయిందన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా నజ్ద్‌లో యంత్రసేద్యానికి తొలి బడి ఆ పొలమే.

విడిభాగం రావడమే అప్పట్లో పెద్ద ప్రయాణం. ఓడ దిగిన పెట్టె ఇసుకదారుల్లో లారీ మీద రావాలి. 1951లో దమ్మామ్ నుంచి హోఫూఫ్, అల్ ఖర్జ్ మీదుగా రియాద్‌కు రైలుమార్గం పడ్డాక ఆ కష్టం కొంత తగ్గింది. అప్పటికీ పంట ఎండుతున్న రైతు నెలల తరబడి ఎదురుచూడలేడు. అందువల్ల ఒక ఇంజన్‌ను విప్పి రెండో దాన్ని బతికించడం, అరిగిన బుష్షును ఇత్తడి కడ్డీ నుంచి లేతు మీద తిప్పి చేసుకోవడం, తెగిన బెల్టును పిన్నులతో అతకడం మామూలయ్యాయి. నేడు పాత ఇంజన్ విప్పి చూసేవారికి కంపెనీ అచ్చు లేని భాగాలు కనబడితే అవి ఆ కాలపు మెకానిక్కుల చేతిపనే కావచ్చు. వాటిని నకిలీలని తీసిపారేయడం తప్పు.

ట్రాక్టర్ ఊరూరా చేరడానికి ప్రభుత్వ డబ్బే కారణం. 1960లలో పని మొదలుపెట్టిన వ్యవసాయ బ్యాంకు వడ్డీ లేని అప్పులిచ్చింది. తర్వాతి దశాబ్దంలో చమురు ధర పెరిగాక యంత్రాల ఖరీదులో సగానికి దగ్గరగా సబ్సిడీ కూడా అందింది. 1980ల మొదట్లో గోధుమకు టన్నుకు 3,500 రియాళ్ల ధర కట్టారు. అది ప్రపంచ మార్కెట్ ధరకు ఎన్నో రెట్లు. 1984 నాటికి దేశం తన గోధుమ తానే పండించుకుంది. 1992లో దిగుబడి 40 లక్షల టన్నులు దాటింది. గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పివట్ యంత్రాల కింద అల్ ఖర్జ్, ఖసీమ్, హాయిల్, తబూక్ ప్రాంతాల్లో ఎడారి పచ్చబడింది. పెద్ద కమతాలకు భారీ అమెరికన్ ట్రాక్టర్లు, చిన్న తోటలకు మాసీ ఫెర్గూసన్ 135 వంటివి వచ్చాయి.

ఈ యంత్రాలను నడిపిన చేతులు ఎక్కువగా పరాయి దేశాలవి. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, కడప వంటి జిల్లాల వాళ్లు గల్ఫ్ దారి పట్టారు. కొందరు మజ్రాలో, అంటే పొలంలో, పనికి కుదిరారు. కొందరు సనాయియాలో, అంటే ఊరిచివర మెకానిక్ షెడ్ల పేటలో, చేరారు. ఈ రెండు పనులకూ చట్టంలో పెద్ద తేడా ఉంది. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం పదిమందికి తక్కువ పనివాళ్లున్న మామూలు పొలాల కూలీలను తన పరిధిలోకి తీసుకోలేదు. వ్యవసాయ యంత్రాలను నిత్యం నడిపేవారిని, బాగుచేసేవారిని మాత్రం తీసుకుంది. ఒకే తోటలో పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో స్పానర్ పట్టినవాడికి చట్టపు అండ ఉండి, పార పట్టినవాడికి లేకపోవడం అన్యాయమే.

గోధుమ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. వేల ఏళ్ల కిందట భూమిలో చేరిన నీటిని తోడి పండించిన పంట అది. ఆ నీటికి మళ్లీ ఊట లేదు. 2008లో ప్రభుత్వం గోధుమ కొనుగోలును ఏటా 12.5 శాతం చొప్పున తగ్గించి, 2016కల్లా ఆపాలని నిర్ణయించింది. తర్వాత పరిమితంగా మళ్లీ అనుమతించినా పాత ఊపు రాలేదు. పని లేని ట్రాక్టర్లు షెడ్లలో, ఖర్జూర తోటల అంచుల్లో నిలిచిపోయాయి. చాలావాటిని హరాజ్ అనే వేలం సంతల్లో అమ్మేశారు, లేదా తష్లీహ్ అనే తుక్కు యార్డుల్లో విప్పేశారు. రియాద్ దక్షిణాన అల్ హాయిర్ దారిలోని తష్లీహ్ అలాంటి పేరున్న చోటు. పాత యంత్రాన్ని తిరిగి నిలబెట్టాలనుకునేవారి వెతుకులాట సాధారణంగా ఇలాంటి చోట్లే మొదలవుతుంది.

మొదట చదవవలసింది నంబరు పలక. మాసీ 135 తయారీ 1964లో మొదలై పదేళ్లకు పైగా సాగింది. ఆ మధ్య చాలా భాగాలు మారాయి. సీరియల్ నంబరు తెలియకుండా కొన్న గ్యాస్కెట్ సరిపోకపోవచ్చు. ఈ ట్రాక్టర్‌కు విడిభాగాల కొరత తక్కువ, అందుకు కారణం మన ఉపఖండమే. 1960లో మాసీ ఫెర్గూసన్ సహకారంతో మద్రాసులో టాఫే కంపెనీ పుట్టింది. లాహోర్‌లో మిల్లత్ కంపెనీ అదే కుటుంబపు ట్రాక్టర్లు చేస్తోంది. ఇంగ్లండులో మాసీ 135 తయారైన కోవెంట్రీ కర్మాగారం మూతబడినా దాని ట్రాక్టర్లకు పిస్టన్లు, లైనర్లు, క్లచ్ ప్లేట్లు ఇక్కడినుంచి దొరుకుతున్నాయి. లిస్టర్ నమూనా ఇంజన్లకు గుజరాత్‌లోని రాజ్‌కోట్ అలాంటి ఆసరా. బ్లాక్‌స్టోన్‌కు ఇలాంటి దిక్కు లేదు. దాని భాగం మరో చచ్చిన బ్లాక్‌స్టోన్ నుంచి రావాలి, లేదా లేతు మీద కొత్తగా పుట్టాలి.

ఎడారి పొడిగాలి ఇనుముకు మేలే చేస్తుంది. రియాద్ చుట్టుపక్కల బయట నిలిచిన ట్రాక్టర్ రేకు జెద్దా, దమ్మామ్ తీరాల ఉప్పుగాలిలో నిలిచినదానికంటే చాలా గట్టిగా మిగులుతుంది. చెడిపోయేవి రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్లు, టైర్లు. ఎండకు అవి బిగుసుకుని పగులుతాయి. ఉప్పునీరు పోసిన రేడియేటర్‌లో, సిలిండరు చుట్టూ ఉన్న నీటి దారుల్లో సున్నం పేరుకుంటుంది. అన్నిటికంటే పెద్ద శత్రువు ఇసుక పొడి. గాలిని నూనెలో ముంచి వడగట్టే పాత ఫిల్టర్‌లో నూనె మార్చకుంటే ఆ పొడి సిలిండరులోకి చేరి రింగులను, లైనరును తినేస్తుంది. అందుకే అక్కడ దొరికే ఇంజన్‌కు పైకి తుప్పు లేకపోయినా లోపల అరుగుదల ఎక్కువ ఉండవచ్చు.

పట్టేసిన పిస్టన్‌ను సుత్తితో కొట్టి కదపబోతే లైనరు పగలవచ్చు. డీజిల్, కిరసనాయిలు పోసి రోజుల తరబడి నాననిచ్చి, ఫ్లైవీలును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపాలి. వదులయ్యాక సిలిండరు వ్యాసాన్ని పైన, నడుమ, కింద కొలిచి, తేడా హద్దు దాటితే రీబోరింగ్‌కో కొత్త లైనరుకో పోవాలి. పాత ఇంజన్లలో కొన్నిటి బేరింగులు వైట్ మెటల్ పోసి చేసినవి. వాటిని కరిగించి మళ్లీ పోసి, ఇరుసుకు రంగు పూసి తిప్పి, అంటిన చోటల్లా చేత్తో గీకాలి. అలా గీకగల పనివాళ్లు ఇప్పుడు అరుదు. నట్లు కూడా జాగ్రత్త కోరతాయి. పాత ఇంగ్లండు ఇంజన్ల మరలు విట్‌వర్త్ కొలతవి. మిల్లీమీటర్ల స్పానర్ వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి.

రంగు చివరి పని. పాత పూత మొత్తం గీకేయకముందే దాని నమూనా, కంపెనీ గుర్తు, రాసి ఉన్న నంబర్లు ఫొటో తీసి పెట్టుకోవాలి. అల్ ఖర్జ్‌లోనైనా జగిత్యాలలోనైనా పాత ఇంజన్‌ను తుక్కుకు అమ్మేవారు నంబరు పలకను మాత్రం ఊడదీసి దాచాలి. ఆ యంత్రంతో పనిచేసినవారి పేర్లు, అది నీళ్లు తోడిన బావి, నడిచిన ఏళ్లు ఒక కాగితం మీద రాసి దానికి జతచేయాలి.