థింసా పాట ఎవరిది?

మన థింసా పాటకు రచయిత పేరుండదు. ఊరు కట్టుకుంది, ఊరే పాడుకుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం మాత్రం రాసిందెవరని అడుగుతుంది. తాతల నాటి పాటపై ఊరికి హక్కు ఇవ్వదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజకు దక్కింది పాటకు దక్కలేదు!

అయితే 1994 సవరణ పాడినవారికి, ఆడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కు ఇచ్చింది. అప్పుడు 25 ఏళ్లు, 1999 నుంచి 50 ఏళ్లు. పాట ఎవరిదైనా, ఆ రోజు పాడిన గొంతు మన అమ్మది, మోరి ఊదిన ఊపిరి మన తాతది. వారిని అడగకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. వ్యాపారానికి వాడితే రాయల్టీ ఇవ్వాలని 2012లో చేర్చారు.

మనలో మనం ఫోన్లో పంపుకోవడం వేరు. వలస వెళ్లిన మన పిల్లలు ఆ మోరి అలాగే వింటున్నారు, అది ఆగకూడదు. మన ఆట వీడియో పెట్టి ప్రకటనల డబ్బు తీసుకునేవారిని మాత్రం, ఎవరిని అడిగి పెట్టారని అడుగుదాం. మనం పెట్టేటప్పుడూ ఊరి పేరు, పాడినవారి పేర్లు రాద్దాం.