విదేశీ రాయల్టీలపై పన్ను పత్రాలు (స్వతంత్ర సంగీతకారులు)

విదేశీ రాయల్టీలపై పన్ను పత్రాలు అనగా, ఏ సంగీత సంస్థతోనూ ఒప్పందము లేక తన పాటలను తానే విడుదల చేసికొను కళాకారుడు విదేశముల నుండి రాయల్టీ పొందుటకు ఆ దేశమునకును, స్వదేశమునకును సమర్పించవలసిన ఫారములు, ధ్రువపత్రములు. తెలంగాణలో బతుకమ్మ పాటలు, జానపద గీతములు యూట్యూబ్ ద్వారా విడుదల చేయువారికి ఇవి ముఖ్యముగా అవసరమగును. ఈ పాటల శ్రోతలలో అమెరికాలోని తెలుగువారు కూడా ఉండుటచే ఆదాయములో కొంత భాగము అమెరికా చట్టము దృష్టిలో అమెరికా ఆదాయమగును.

నేపథ్యము

2021 జూన్ నుండి గూగుల్ సంస్థ అమెరికా వెలుపలి యూట్యూబ్ కళాకారుల ఆదాయములో, అమెరికా ప్రేక్షకుల వలన వచ్చిన భాగముపై పన్ను కోయుట మొదలుపెట్టినది. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ వంటి అమెరికా పంపిణీ సంస్థలు కూడా పన్ను పత్రము కోరును. సాధారణ రేటు 30 శాతము. అయితే 1989 సెప్టెంబరు 12న సంతకమై 1990 డిసెంబరు 18న అమలులోనికి వచ్చిన భారత-అమెరికా ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందము, 12వ అధికరణము ప్రకారము, కాపీరైటు రాయల్టీపై పన్ను 15 శాతము మించరాదు. ఈ తగ్గింపు దానంతట అది రాదు, కోరుకొనవలెను.

యూట్యూబ్ సహాయ పుటలలోని ఉదాహరణ ప్రకారము, భారతదేశపు కళాకారుడొకరు నెలకు 1000 డాలర్లు ఆర్జించగా అందులో 100 డాలర్లు అమెరికా ప్రేక్షకుల నుండి వచ్చినవనుకొనిన, ఒప్పందపు లాభము కోరినచో కోత 15 డాలర్లు. పత్రము ఇచ్చియు లాభమునకు అర్హత లేనిచో 30 డాలర్లు. అసలు పత్రమే ఇవ్వనిచో మొత్తము ఆదాయముపై 24 శాతము, అనగా 240 డాలర్లు. ఒక ఫారము నింపకపోవుట వలన నష్టము పదహారు రెట్లు.

డబ్ల్యు-8బీఈఎన్ ఫారము

వ్యక్తులు సమర్పించు ఫారము ఇది. కంపెనీలకు డబ్ల్యు-8బీఈఎన్-ఈ అను వేరు ఫారము కలదు. దీనిని అమెరికా పన్ను శాఖకు గాక, చెల్లించు సంస్థకే ఇవ్వవలెను. విదేశీ పన్ను సంఖ్య అనుచోట పది అక్షరముల పాన్ వ్రాసిన చాలును. ఇందుకొరకు అమెరికా సంఖ్య పొందనక్కరలేదు. రాయల్టీకి సంబంధించిన విభాగములో ఒప్పందమును కోరవలెను. సేవల విభాగము మాత్రమే ఎంచుకొని కాపీరైటు విభాగమును వదలినచో రాయల్టీపై 30 శాతమే కోత పడును.

చిక్కులు ఎక్కువగా పేరు, చిరునామాల వద్దనే వచ్చును. తెలుగువారి ఇంటిపేరు ముందు ఉండును, తరచు ఒక్క అక్షరముగా కుదించబడును. పాన్‌లో మాత్రము ఇంటిపేరు పూర్తిగా ఉండవలెను. పాటలపై ఉండు రంగస్థల నామము ఈ ఫారమున చెల్లదు. ఫారములో, పాన్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్క తీరున ఉండుట మేలు. చిరునామా విషయమున పోస్టు బాక్సు గాని, ఇతరుల మార్ఫతు చిరునామా గాని వ్రాయరాదని నియమము. ఆధార్‌లోని చిరునామాను ఉన్నదున్నట్లు దింపినచో అందలి "కేరాఫ్" కూడా వచ్చి చేరును. సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న మెదక్ నుండి విడివడినది గనుక పటాన్‌చెరు, సంగారెడ్డి వాసుల పాత పత్రములలో మెదక్ జిల్లా అనియు, 2014కు పూర్వపు వాటిలో ఆంధ్రప్రదేశ్ అనియు ఉండును. తేదీని అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరువాత వ్రాయవలెను.

సంతకము చేసిన సంవత్సరము తరువాత మూడవ సంవత్సరము డిసెంబరు 31 వరకు ఫారము చెల్లును. 2024లో ఇచ్చినది 2027 చివరి వరకు పనిచేయును.

భారతదేశములో

అమెరికాలో పన్ను కోసినను, భారత నివాసి ఆ ఆదాయమును ఇక్కడ కూడా చూపవలెను. పటాన్‌చెరు కర్మాగారములలో ఉద్యోగము చేయుచు పాటలు విడుదల చేయువారు ఇక్కడ తప్పటడుగు వేయుటకు అవకాశమున్నది. జీతము మాత్రమే గలవారు నింపు ఐటీఆర్-1లో విదేశీ ఆదాయమునకు చోటు లేదు. ఐటీఆర్-2 లేక ఐటీఆర్-3 నింపవలెను. 1961 చట్టము కింద, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ జమ కోరుటకు 128వ నియమము ప్రకారము ఫారం 67 సమర్పించవలెను. దానికి ఆధారము చెల్లించిన సంస్థ ఇచ్చు 1042-ఎస్ పత్రము. సకాలములో రిటర్ను వేసినవారు మదింపు సంవత్సరాంతము వరకు ఫారం 67 ఇవ్వవచ్చునని 2022 ఆగస్టులో సవరించిరి. 2026 ఏప్రిల్ 1 తరువాతి ఆదాయమునకు 2025 నాటి కొత్త చట్టము వర్తించును. అందు ఫారముల సంఖ్యలు వేరు.

జమ అయ్యెడి మొత్తము, ఆ ఆదాయముపై ఇక్కడ పడు పన్నును మించదు. కొత్త పన్ను విధానములో 2025-26 నుండి 12 లక్షల రూపాయల వరకు ఆదాయమునకు రిబేటు వలన పన్ను లేదు. కావున తక్కువ ఆదాయము గల గాయకునికి ఇక్కడ పన్నే పడదు, జమయు దొరకదు; అమెరికాలో పోయిన 15 శాతము పోయినట్లే. మంచి జీతము ఉండి పన్ను కట్టువానికి మాత్రము అది తిరిగి కలిసివచ్చును. ఇది పేద కళాకారునికే భారమగు ఏర్పాటు అనక తప్పదు. పుస్తక రచయితల రాయల్టీకి 1961 చట్టము 80క్యూక్యూబీ సెక్షనులో 3 లక్షల రూపాయల వరకు మినహాయింపు ఇచ్చినది గాని, పాటలకు అట్టిది లేదు.

స్వరకర్తలు, గీత రచయితలు 1969లో స్థాపించబడిన ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యులైనచో, విదేశీ సోదర సంఘములు వసూలు చేసిన ప్రదర్శన రాయల్టీ ఆ సొసైటీ ద్వారా అందును.

ఇతర దేశములలో

ఒప్పందము ఉండుట, లేకపోవుటలోని భేదము ఆఫ్రికాలో స్పష్టముగా కనిపించును. దక్షిణాఫ్రికాకు అమెరికాతో గల ఒప్పందము వలన అక్కడి కళాకారుల రాయల్టీపై అమెరికా పన్ను సున్న. నైజీరియా, ఘనా, కెన్యాలకు అట్టి ఒప్పందము లేదు. అక్కడి స్వతంత్ర గాయకులు ఫారము సక్రమముగా నింపినను అమెరికా భాగముపై 30 శాతము కోల్పోవుదురు. అయినను ఫారము ఇచ్చిన మేలే కలదు, ఏలననగా కోత అమెరికా భాగమునకే పరిమితమగును.