పేరు అడగని మజ్లిస్

మన ఖాందాన్లలో షరాబ్ గురించి రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది హరామ్. రెండు, మన ఇంట్లో అలాంటివాళ్లు లేరు. మొదటి మాట నిజం. రెండో మాటను నిలబెట్టడానికి ఎన్ని ఇళ్లలో అమ్మీలు తలుపులేసుకుని ఏడుస్తున్నారో మొహల్లా మొత్తానికీ తెలుసు. చుట్టాలు అడిగితే "షుగర్ పెరిగింది" అంటాం. ఇజ్జత్ కోసం మర్జ్‌ను దాచిపెడితే ఇలాజ్ ఎలా జరుగుతుంది? పేరు అడగకుండా, ఫీజు తీసుకోకుండా ఈ మర్జ్‌లో తోడు నిలిచే మజ్లిస్ ఒకటి తొంభై ఏళ్లుగా ఉంది. దాని చరిత్ర తెలిస్తే ఆ గడప తొక్కడానికి షర్మ్ కొంత తగ్గుతుంది.

ముందు 1840లోకి వెళ్దాం. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక షరాబ్‌ఖానాలో కూర్చున్న ఆరుగురు తాగుబోతులు ఇక తాగమని ఒట్టు పెట్టుకున్నారు. వాళ్లకు వాషింగ్టోనియన్లు అని పేరొచ్చింది. అప్పటిదాకా పాదరీలు నసీహత్ చేసేవాళ్లు, తాగేవాళ్లు వినేవాళ్లు. వీళ్లు నసీహత్ పక్కనపెట్టి ఆప్‌బీతీ చెప్పారు. నేనిలా పడ్డాను, ఇలా లేచాను అని. వేలమంది వచ్చి చేరారు. తర్వాత తాగుడు సంగతి ఎరగనివాళ్లు, సియాసత్ నడిపేవాళ్లు కూడా చొరబడ్డారు. చట్టాల మీద, మతం మీద బహస్‌లు మొదలయ్యాయి. కొన్నేళ్లకే ఆ మెహఫిల్ చెదిరిపోయింది.

మళ్లీ 1935లో, ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్ పట్టణంలో. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ తాగుడు మాని అప్పటికి ఐదు నెలలు. పనిమీద వచ్చాడు, ఆ పని చెడిపోయింది. హోటల్లో ఒక పక్క బార్ నుంచి నవ్వులు, ఇంకో పక్క టెలిఫోన్. బార్‌లోకి నడిస్తే అంతా ఖతం. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడితేనే ఈ సాయంత్రం గడుస్తుందనుకుని చర్చిలకు ఫోన్లు చేశాడు. అలా హెన్రియెట్టా సైబర్లింగ్ అనే మహిళ ద్వారా మే 12న సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. పావుగంటే కూర్చుంటానని షరతు పెట్టి వచ్చిన డాక్టర్, ఆరు గంటలు కూర్చున్నాడు. ఎందుకంటే బిల్ ఆయనకు బయాన్ ఇవ్వలేదు, తన హాలత్ చెప్పుకున్నాడు. జూన్ 10 డాక్టర్ తాగిన ఆఖరి రోజు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది.

1939లో వీళ్ల కితాబ్ వచ్చింది. నాస్తికులు కూడా ఉన్న ఆ జమాత్‌లో, ఎవరికి దేవుడు ఎలా అర్థమైతే అలాగే అనే ఒప్పందం అప్పుడే కుదిరింది. 1950లో ఉసూల్ ఖరారు చేసుకున్నారు. బయటి గొడవల్లో రాయ్ ఇవ్వరు. బయటివాళ్ల చందా తీసుకోరు. పేర్లు బజారుకెక్కనివ్వరు. వాషింగ్టోనియన్లకు పట్టిన గతి పట్టకుండా ఇదే కాపాడింది. మన దేశంలోకి ఏఏ 1957లో వచ్చింది.

పేరు దాచడం మనకు కొత్త కాదు, దాన్నే పర్దాపోషీ అంటాం. సహీ బుఖారీలో ఒక సంఘటన ఉంది. తాగినందుకు సజా పడిన ఒక సహాబీని మళ్లీ అదే నేరం మీద తీసుకొచ్చారు. ఒకాయన లానత్ పెట్టబోతే ప్రవక్త (స) ఆపారు. అతనికి అల్లాహ్ మీద, రసూల్ మీద ముహబ్బత్ ఉందన్నారు. సజా ఉంది, కానీ ఆ మనిషిని బిరాదరీ నుంచి వెలివేయడం లేదు. సూడాన్ మనోవైజ్ఞానికుడు మాలిక్ బద్రీ ఇస్లాం, మద్యవ్యసనం మీద 1976లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 1989లో అమెరికా ముస్లింలు ఏఏ పన్నెండు మెట్లను తమ దీన్‌కు తగ్గట్టు మలచుకుని 'మిల్లతీ ఇస్లామీ' ప్రారంభించారు. అదీ బాల్టిమోర్‌లోనే.

మన నేల అనుభవం కూడా చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం బందయ్యాయి. 1997లో దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. దుకాణం హుకూమత్ చేతిలో ఉంటుంది. లోపలి తలబ్‌తో మాత్రం ఆ మనిషే ప్రతిరోజూ పోరాడాలి, అందుకు సాథీ కావాలి.

ఇప్పుడు వెళ్లే దారి. ఏఏ మీటింగులు రెండు రకాలు. ఓపెన్ మీటింగ్‌కు ఇంటివాళ్లూ రావచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. తాగుడు మానాలన్న ఇరాదా ఒక్కటే షరతు. చర్చి హాల్లోనో స్కూలు గదిలోనో జరిగితే ఘబ్రాయించకండి, వాడుకునేది గదిని మాత్రమే. ఏ భాషలో జరుగుతుందో ముందే ఫోన్లో అడగండి. ఒక్కసారికి దిల్ కుదరకపోతే ఇంకో మూడు నాలుగు సార్లు, వేరే గ్రూపుకైనా వెళ్లి చూడండి. ఇంటివాళ్ల కోసం 1951 నుంచి అల్-అనాన్ వేరుగా ఉంది. బీవీలు, అమ్మీలు అక్కడ తమ బాధ చెప్పుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఏళ్లతరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ముందు డాక్టర్‌ను కలవాలి. ప్రభుత్వ నషాముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం వివరాలు చెబుతారు, దానికి ఖర్చు లేదు. ఇంట్లో భాయిజాన్ చేతులు పొద్దున్నే వణుకుతుంటే, వచ్చే జుమా దాకా ఆగకండి. తౌబా చేయాల్సింది ఆయనే. మీటింగ్ గది దాకా తోడు వెళ్లడం మాత్రం మన చేతిలో ఉంది.