గదిలో పుట్టిన ఏంటెన్నా

అమెరికాలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లినా 'హెచ్‌డీ ఏంటెన్నా' అని పెద్దక్షరాలు వేసిన డబ్బాలు కనిపిస్తాయి. విప్పి చూస్తే కిటికీ అద్దానికి అంటించుకునే పల్చటి ప్లాస్టిక్ షీటు, అందులో పొదిగిన లోహపు రేకు, ఒక కేబుల్, అంతే. దాన్ని టీవీకి తగిలించి ఒకసారి చానల్ స్కాన్ చేయిస్తే ఆ ఊరి ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ స్టేషన్లు నెలవారీ బిల్లు లేకుండా వచ్చి కూర్చుంటాయి. సరుకు మంచిదే. డబ్బా మీది పేరు మాత్రం వ్యాపారుల తెలివి. ఏంటెన్నాకు హెచ్‌డీ తెలియదు, డిజిటల్ తెలియదు, రంగు కూడా తెలియదు. తరంగం పొడవెంత, అది ఎటు నుంచి వస్తోంది అన్నవే దానికి పట్టేవి. ఆ లెక్క తేలి నూట ముప్పై ఏళ్లు దాటింది.

శాస్త్రవేత్త మాక్స్‌వెల్ కాగితం మీద లెక్క కట్టిన విద్యుదయస్కాంత తరంగాలు నిజంగా ఉన్నాయని చూపిస్తూ, జర్మనీలోని కార్ల్స్‌రూహేలో హైన్రిచ్ హెర్ట్జ్ 1886 నుంచి ప్రయోగాలు చేశాడు. రెండు లోహపు కడ్డీలను మధ్యలో చిన్న సందు వదిలి నిలిపి, ఆ సందులో నిప్పురవ్వలు పుట్టించాడు. కాస్త దూరంలో పెట్టిన మరో తీగ సందులోనూ సన్నటి రవ్వలు మెరిశాయి. ఇదంతా ఆరుబయట కాదు, కళాశాల భవనంలో, నాలుగు గోడల మధ్య. అంటే మొట్టమొదటి ఏంటెన్నా ఇండోర్ ఏంటెన్నానే. 1888లో జింకు రేకులను వంచి అద్దాల్లా అమర్చి, సుమారు 66 సెంటీమీటర్ల తరంగాలతో ప్రయోగం చేసినప్పుడు చెక్క తలుపు మూసినా అవతలి గదిలో రవ్వలు ఆగలేదు. 66 సెంటీమీటర్లంటే దాదాపు 450 మెగాహెర్ట్జ్. అమెరికాలో నేటి యూహెచ్‌ఎఫ్ టీవీ చానళ్లు మొదలయ్యేది 470 దగ్గర. హెర్ట్జ్ తెలియకుండానే టీవీ వీధి మొగదాకా వచ్చి ఆగాడన్నమాట.

1926లో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ చేసిన పనితో ఏంటెన్నా డాబా ఎక్కింది. ఒక కడ్డీ వెనకా ముందూ మరికొన్ని కడ్డీలు వరసగా పెడితే ఒకే దిక్కు నుంచి వచ్చే సిగ్నల్ బలంగా అందుతుంది. 1980లలో మన పెంకుటిళ్ల మీద ఇనుప పైపుకు బిగించిన అల్యూమినియం కడ్డీల వరస అదే. (మన దగ్గర ఆ కథ వేరే దారిన పోయింది. ఇళ్లు కేబుల్‌కూ డిష్‌కూ మళ్లాయి. 2022 నాటికి దూరదర్శన్ తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కొన్ని తప్ప అన్నిటినీ ఆపేసింది.)

డాబా ఎక్కలేని అపార్ట్‌మెంటు వాళ్లకు అమెరికాలో 1950లలో టీవీ మీద నిలబడే 'కుందేలు చెవులు' వచ్చాయి. లాగితే సాగే రెండు కడ్డీలవి. ఆ ఘనతను న్యూయార్క్‌కు చెందిన మార్విన్ మిడిల్‌మార్క్ పేరున చెబుతారు. ఆకారం చూస్తే హెర్ట్జ్ కడ్డీలను ఇంగ్లీషు 'వీ' అక్షరంలా వంచినట్టే ఉంటుంది. కడ్డీల మొత్తం పొడవు తరంగంలో సగం ఉంటే సిగ్నల్ బాగా అందుతుంది. పొడవాటి తరంగాలు వాడే వీహెచ్‌ఎఫ్‌లో రెండో చానల్ తరంగం అయిదు మీటర్ల పైమాటే కనుక ఒక్కో చెవి 1.3 మీటర్లు సాగాలి. అంత సాగదీస్తే హాల్లో మనుషులు తిరగలేరు. 1952లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ యూహెచ్‌ఎఫ్ చానళ్లు తెరిచాక చెవుల మధ్య చిన్న తీగ వలయం చేరింది. 600 మెగాహెర్ట్జ్ దగ్గర సగం తరంగం 25 సెంటీమీటర్లే. నేటి షీటు అంత చిన్నగా ఉండటానికి కారణం ఇదే; కొత్త విజ్ఞానమేమీ లేదు.

ఇక హెచ్‌డీ సంగతి. జపాన్ ఎన్‌హెచ్‌కే సంస్థ 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత దీని మీద పరిశోధన మొదలుపెట్టింది. అమెరికా స్టేషన్ల యజమానులకు హెచ్‌డీ మీద ప్రేమ పుట్టింది మాత్రం బొమ్మ అందం చూసి కాదు. 1980ల నడుమ, వాడకుండా పడి ఉన్న యూహెచ్‌ఎఫ్ చానళ్లను పోలీసు రేడియోల వంటి మొబైల్ సర్వీసులకు ఇద్దామని ఎఫ్‌సీసీ ఆలోచించింది. ఖాళీ స్థలం చేజారుతుందనగానే, అక్కడ మేం హెచ్‌డీ కడతాం, మాకే ఉంచండి అన్నారు స్టేషన్ల వాళ్లు. 1987 జనవరిలో వాషింగ్టన్‌లో జపాన్ పద్ధతిని గాలిలో ప్రసారం చేసి అధికారులకు చూపించారు. స్థలం నిలబెట్టుకోవడానికి ఆడిన మాటే చివరికి నిజం చేయక తప్పలేదు. 1990లో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ పూర్తి డిజిటల్ పద్ధతిని ముందుకు తెచ్చింది, 1993లో పోటీదారులంతా 'గ్రాండ్ అలయన్స్'గా చేతులు కలిపారు, 1996 డిసెంబరులో ఎఫ్‌సీసీ ఆ ప్రమాణాన్ని ఆమోదించింది. అంతకు ముందే, ఆ ఏడాది జులైలో, నార్త్ కరోలినాలోని రాలీలో డబ్ల్యూఆర్‌ఏఎల్ స్టేషన్ హెచ్‌డీ ప్రసారం మొదలుపెట్టేసింది.

ఆ ప్రమాణంలో ఒక్కో ఆరు మెగాహెర్ట్జ్ చానల్లో సెకనుకు 19.39 మెగాబిట్లు వస్తాయి. కేబుల్ కంపెనీలు తరచూ ఇదే సిగ్నల్‌ను మళ్లీ కుదించి పంపుతాయి కనుక, ఉచితంగా వచ్చే బొమ్మే డబ్బిచ్చి చూసేదానికన్నా తేటగా ఉండే సందర్భాలున్నాయి. అయితే అది ఇంట్లోకి వస్తేనే.

ఇక్కడే పెద్ద గొడవ వచ్చింది. గదిలో ఏంటెన్నాకు సిగ్నల్ నేరుగా ఒక్కటే రాదు. గోడలకూ, ఎదుటి భవనాలకూ తగిలి, కాస్త ఆలస్యంగా మరికొన్ని వస్తాయి. పాత టీవీలో దీనివల్ల బొమ్మకు నీడ పడేది, మనం సర్దుకుపోయేవాళ్లం. డిజిటల్‌కు సర్దుబాటు లేదు. లెక్క తేలితే నిండు బొమ్మ, తేలకపోతే ముక్కలు ముక్కలై అసలేమీ రాదు. 1999లో టీవీ స్టేషన్లు నడిపే సింక్లెయిర్ కంపెనీ బాల్టిమోర్‌లో ఇళ్లలో పరీక్షలు చేసి, అమెరికా ఎంచుకున్న 8-వీఎస్‌బీ పద్ధతి ఇండోర్ ఏంటెన్నాకు సరిగా అందట్లేదంది. ఇలాంటి ప్రతిధ్వనులను బాగా తట్టుకునే సీఓఎఫ్‌డీఎం అనే పద్ధతిని కూడా అనుమతించాలని అర్జీ పెట్టింది. ఐరోపా అప్పటికే ఆ దారిలో ఉంది. 2000లో ఎఫ్‌సీసీ అర్జీని తోసిపుచ్చింది. నా దృష్టిలో సింక్లెయిర్ పట్టుకున్న లోపం నిజమైనదే. దాన్ని ఏంటెన్నా మార్చి ఎవరూ తీర్చలేదు. 2004 నాటికి వచ్చిన ఎల్‌జీ–జెనిత్ అయిదో తరం చిప్పులు తీర్చాయి. ఆలస్యంగా వచ్చే సిగ్నళ్లను గుర్తించి లెక్కలోంచి తీసేయడం వాటి పని.

2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేశాయి. పాత టీవీలకు కన్వర్టర్ బాక్సు కొనుక్కోమని ప్రభుత్వం ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లిచ్చింది. ఆ రోజే డబ్బా మీది 'హెచ్‌డీ' మాట బండారం బయటపడింది. డిజిటల్ అంటే యూహెచ్‌ఎఫ్ అని జనం స్థిరపడ్డాక, షికాగోలో డబ్ల్యూఎల్‌ఎస్ ఏడో చానల్‌కు, ఫిలడెల్ఫియాలో డబ్ల్యూపీవీఐ ఆరో చానల్‌కు, అంటే వీహెచ్‌ఎఫ్‌కు, తిరిగి వెళ్లాయి. చిట్టి ఏంటెన్నాలు కొన్నవాళ్ల తెరల మీంచి అవి మాయమయ్యాయి. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. స్కాన్ మళ్లీ చేయించాలని కొందరికి తెలియదు. చేయించినా కొందరికి రాలేదు. అటక మీది కుందేలు చెవులను దించుకున్నవాళ్లే నయం. చివరికి డబ్ల్యూఎల్‌ఎస్ యూహెచ్‌ఎఫ్‌కు మారింది.

2012లో ఏరియో అనే కంపెనీ గోరంత ఏంటెన్నాలను వేల సంఖ్యలో ఒకచోట పెట్టి, ఒక్కో చందాదారుకు ఒకటి కేటాయించి, ఇంటర్నెట్‌లో బొమ్మ పంపింది. మీ ఇండోర్ ఏంటెన్నానే మా ఇంట్లో ఉంచామన్నది దాని వాదన. 2014 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ వాదన కొట్టేసింది.

2017లో ప్రభుత్వం 37వ చానల్‌కు పైనున్న టీవీ స్థలాన్ని మొబైల్ సర్వీసుల కోసం వేలం వేసి 1,980 కోట్ల డాలర్లు రాబట్టింది. 1987లో కాపాడుకున్న స్థలంలో ఒక ముక్క అలా పోయింది. అదే ఏడాది నవంబరులో ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రమాణానికి మారాలనుకున్న స్టేషన్లకు ఎఫ్‌సీసీ అనుమతిచ్చింది. అందులో వాడేది ఓఎఫ్‌డీఎం, బాల్టిమోర్ గొడవలో అడిగి కాదనిపించుకున్న పద్ధతి కుటుంబమే. దాన్ని ముందుండి నడుపుతున్నవాళ్లలో సింక్లెయిర్ ఒకటి. ఈసారి పేచీ మరోచోట వచ్చింది. కొన్ని స్టేషన్లు కొత్త సిగ్నల్‌కు డిజిటల్ తాళం వేస్తున్నాయి. కిటికీ మీది రేకు తరంగాన్ని ఎప్పటిలాగే అందుకుంటుంది, తాళం తీసే అనుమతి లేని పెట్టె మాత్రం బొమ్మ చూపించదు. ఉచిత ప్రసారానికి తాళమేమిటని వినియోగదారుల తరఫువాళ్లు, దొంగ నకళ్లు ఆపాలంటే తప్పదని స్టేషన్లవాళ్లు ఎఫ్‌సీసీ ముందు వాదించుకుంటున్నారు.