స్మార్ట్ గృహోపకరణాలు

స్మార్ట్ గృహోపకరణాలు అనగా పరిసరాలలోని మార్పులను గ్రహిస్తూ, అంతర్జాలం ద్వారా సమాచారాన్ని పంపుతూ, ఆదేశాలను స్వీకరిస్తూ పనిచేసే గృహ విద్యుత్ పరికరాలు. దీపాలు, ఫ్యాన్లు, గీజర్లు, ఎయిర్ కండిషనర్లు, వాషింగ్ మెషీన్లు, తలుపు తాళాలు, నిఘా కెమెరాలు మొదలైనవి నేడు ఈ రూపంలో లభిస్తున్నాయి. ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అనే విస్తృత రంగంలో ఇవి ఒక భాగం. ఆ పేరును 1999లో కెవిన్ ఆష్టన్ ప్రచారంలోకి తెచ్చాడు.

స్వయంచాలక పరికరాలతో భేదం

తనంతట తాను పనిచేసే ప్రతి పరికరమూ స్మార్ట్ పరికరం కాదు. సాధారణ విద్యుత్ రైస్ కుక్కరు ఇందుకు మంచి ఉదాహరణ. గిన్నెలో నీరు ఉన్నంతవరకు ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్దనే నిలిచి ఉంటుంది. నీరు ఇగిరిపోగానే వేడి పెరుగుతుంది. ఆ వేడికి గిన్నె అడుగున అమర్చిన అయస్కాంతం పట్టు సడలి, మీట పైకి లేచి వంట ఆగిపోతుంది. ఇందుకు అవసరమైన తెలివి అంతా కుక్కరులోనే ఉంది. స్మార్ట్ పరికరంలో ఆ తెలివిలో కొంత భాగం ఇంటి వెలుపల, తయారీ సంస్థ నడిపే సర్వరులో ఉంటుంది. వీటి ప్రయోజనాలకూ, వీటివలన కలిగే ఇబ్బందులకూ ఈ భేదమే మూలం.

పనిచేసే విధానం

ఈ పరికరాలలో ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి: వేడి, వెలుతురు, కదలిక వంటి వాటిని గుర్తించే సెన్సరు, నిర్ణయాలు తీసుకొనే మైక్రోకంట్రోలరు, వై-ఫై, బ్లూటూత్, జిగ్‌బీ వంటి పద్ధతులలో సంభాషించే రేడియో భాగం. పక్క గదిలోని దీపాన్ని ఫోనుతో వెలిగించినా, చాలా పరికరాలలో ఆ ఆదేశం ముందుగా ఇంటి రౌటరుకు, అక్కడినుండి దూరాన ఉన్న సర్వరుకు వెళ్ళి, తిరిగి ఇంటికి చేరుతుంది. మాటలతో ఇచ్చే ఆదేశాలను అర్థం చేసుకొనే పని కూడా ఎక్కువగా సర్వరులోనే జరుగుతుంది.

చరిత్ర

* 1969: వంటకాల విధానాలు చెప్పే కిచెన్ కంప్యూటరును అమెరికాలో హనీవెల్ సంస్థ 10,600 డాలర్ల ధరకు ప్రకటించింది. ఒక్కటి అమ్ముడైనట్లు కూడా ఆధారాలు లేవు.
* 1982: కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో శీతల పానీయాల యంత్రాన్ని కంప్యూటరుకు కలిపి, సీసాలు ఉన్నాయో లేదో, చల్లబడ్డాయో లేదో దూరం నుండే తెలుసుకొనేవారు.
* 1990: జాన్ రామ్కీ అంతర్జాలం ద్వారా నడిచే రొట్టె టోస్టరును ఒక ప్రదర్శనలో చూపాడు. రొట్టెను మాత్రం చేతితోనే పెట్టవలసి వచ్చేది. అదే కాలంలో జపాన్‌లో ఫజీ లాజిక్ వాషింగ్ మెషీన్లు వెలువడ్డాయి. వీటికి అంతర్జాలంతో పని లేదు.
* 2000: ఎల్‌జీ సంస్థ అంతర్జాల రిఫ్రిజిరేటరును విడుదల చేసింది. ధర 20,000 డాలర్లకు పైమాటే.
* 2002: రూంబా అనే ఇల్లు ఊడ్చే రోబో అమ్మకానికి వచ్చింది.
* 2011: నెస్ట్ థర్మోస్టాట్, 2014లో మాటలు వినే అమెజాన్ ఎకో వచ్చాయి. ఎకో 2017లో భారతదేశంలో లభ్యమైంది.

ప్రయోజనాలు

విద్యుత్ వాడకాన్ని గమనించడం, ఇంట్లో లేనప్పుడు పరికరాలను ఆపివేయడం వీటివలన సులభమయింది. కదలలేని వారికి, చూపు లేనివారికి మాటతో దీపం వెలిగించుకోగలగడం చిన్న విషయం కాదు. జపాన్‌లో జోజిరుషి సంస్థ 2001లో ఒక విద్యుత్ నీళ్ళ పాత్రను ప్రవేశపెట్టింది. ఒంటరిగా ఉండే వృద్ధులు టీ కోసం దానిని వాడిన వివరాలు దూరాన ఉన్న పిల్లలకు చేరుతాయి. పిల్లలు ఇతర దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇటువంటి సాధనం విలువను సులభంగానే గ్రహించగలవు.

పరాధీనత

సర్వరు ఆగితే పరికరం కూడా ఆగవచ్చు. 2021 డిసెంబరు 7న అమెజాన్ క్లౌడ్ సేవలకు అంతరాయం కలిగినప్పుడు రూంబా రోబోలను ఫోనుతో నడపడం, రింగ్ కెమెరాలను చూడడం చాలామందికి సాధ్యపడలేదు. తాత్కాలిక అంతరాయం కన్న సేవలు శాశ్వతంగా నిలిచిపోవడం తీవ్రమైనది. సుమారు 300 డాలర్లకు అమ్ముడైన రివాల్వ్ అనే నియంత్రణ పరికరాన్ని, ఆ సంస్థను కొనుగోలు చేసిన నెస్ట్ 2016 మే 15న పనిచేయకుండా నిలిపివేసింది. పరికరంలో ఏ లోపమూ లేకున్నా అది నిరుపయోగమయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు ముందస్తు సూచన లేకుండా ఆగిపోయాయి. ఆ తరువాత వినియోగదారులలో కొందరు కలిసి ఆ సంస్థను కొని, సేవలను పునరుద్ధరించారు.

భద్రత, గోప్యత

2016 అక్టోబరులో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేరు, తయారీదారులు పెట్టిన సంకేతపదాలను మార్చకుండా వదిలేసిన కెమెరాలలోను, రౌటర్లలోను ప్రవేశించి, వాటి ద్వారా డిన్ అనే సంస్థపై దాడి జరిపింది. ఫలితంగా ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు. ఇంటివారు ఎప్పుడు నిద్రలేస్తారు, ఎప్పుడు బయటకు వెళతారు వంటి వివరాలు కూడా ఈ పరికరాల ద్వారా బయటి సంస్థలకు చేరగలవు.

ప్రమాణాలు, చట్టాలు

వేర్వేరు సంస్థల పరికరాలు పరస్పరం సంభాషించేందుకు, ఇంటిలోని జాలం ద్వారానే పనిచేసేందుకు 2022లో మేటర్ అనే ప్రమాణం వెలువడింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి అన్ని పరికరాలకూ ఒకే సంకేతపదం పెట్టి అమ్మడం నిషిద్ధం. భద్రతా నవీకరణలు ఎంతకాలం అందిస్తారో తయారీదారులు ముందే తెలపాలి. భారతదేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేయబడింది.

కొనేముందు గమనించవలసినవి

* అంతర్జాలం లేనప్పుడు పరికరం పనిచేస్తుందా? చేతితో నొక్కే మీట ఉన్నదా?
* కరెంటు పోయి వచ్చిన తరువాత పాత స్థితికి వస్తుందా?
* నవీకరణలు ఎన్ని సంవత్సరాలు అందుతాయి?
* సంకేతపదాన్ని మార్చుకోవచ్చునా?

తాళం, గీజరు వంటి వాటి విషయంలో మొదటి ప్రశ్న అన్నిటికన్న ముఖ్యమైనది.

ఇవి కూడా చూడండి

* అంతర్జాలం
* ఫజీ లాజిక్
* రోబో
* విద్యుత్తు పొదుపు