పదవీచ్యుతుడైన ప్రభువు – ధర్మనిర్ణయము

కురుక్షేత్ర సంగ్రామానంతరం ధర్మరాజునకు ఎదురైన కఠిన సమస్యలలో ధృతరాష్ట్రుని విషయం ఒకటి. ద్యూతసభలో ద్రౌపదీ పరాభవాన్ని నివారింపక, పుత్రవ్యామోహంతో వంశనాశనానికి కారకుడైన వృద్ధరాజు ఆయన. అయినను ధర్మరాజు ఆయనను దండింపలేదు. రాజ్యభారాన్ని తాను వహించి, పదునైదు సంవత్సరాలు ఆ వృద్ధుని పితృతుల్యునిగా సేవించాడు. భీముడు మాత్రం పూర్వావమానాలను మరువలేక పరుషవాక్యాలు పలికాడు. ఆశ్రమవాసిక పర్వం ధర్మరాజు క్షమను, భీముని ఆవేదనను రెండింటినీ దాచక చెప్పినది.

ఇదే ధర్మసంకటం మన పాలమూరు సీమకు 1948లో కలిగినది. ఆ సెప్టెంబరులో భారతసైన్య ప్రవేశంతో నిజాం ప్రభుత్వం అస్తమించినది. రష్యాలో 1918లో పదవీచ్యుతుడైన చక్రవర్తిని కుటుంబసమేతంగా వధించారు. ఇచ్చట అట్లు జరుగలేదు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనాధికారం కోల్పోయి, 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్ పదవిలో ఉన్నాడు. రాజభరణమూ పొందాడు. రజాకార్ల నాయకుడైన కాశిం రజ్వీ మాత్రం న్యాయవిచారణానంతరం కారాగారవాసం అనుభవించాడు. అయితే రజాకార్ల దౌర్జన్యంలో ఆప్తులను కోల్పోయిన పల్లెప్రజలకు ఈ ఔదార్యం న్యాయంగా తోచినదా? భీముని ఆవేదన వంటిదే వారి ఆవేదన, దానిని తృణీకరించరాదు.

గద్వాల, వనపర్తి, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం రాజధానిగా గల జటప్రోలు, ఇవి నిజాంకు లోబడిన సంస్థానాలు. 1949 నాటి జాగీర్ల రద్దు శాసనంతో వీటి ప్రభుత్వమూ ముగిసినది. వనపర్తి రాజా రామేశ్వరరావు స్వతంత్ర భారత దౌత్యసేవలో పనిచేసి, 1957లో ప్రజల ఓట్లతో లోక్‌సభ సభ్యుడైనాడు. వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ విద్యాలయమైనది. 'విద్వద్గద్వాల'గా ప్రసిద్ధి చెందిన గద్వాల కోటలో, చెన్నకేశవస్వామి సన్నిధికి చేరువనే, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాల వెలసినది. నాడు ప్రవేశార్హత లేని సామాన్యుల సంతానం నేడు అదే ప్రాంగణంలో విద్య నేర్చుచున్నది.

భీముని ప్రశ్నకు సమాధానం ఇచ్చటనే కలదు. పదవీచ్యుతునికి ప్రాణమూ గౌరవమూ దక్కవలెను; అధికారం మాత్రం మరలి చేరరాదు. అపరాధం చేసినవానికి విచారణపూర్వకంగా దండన ఉండవలెను. ప్రజల శ్రమతో సమకూడిన సంపద ప్రజలకే చేరవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను క్షమ దౌర్బల్యమగును, లేదా దండన ప్రతీకారమగును. 1971లో రాజభరణాలు కూడ రద్దగుటతో ఆ పరిణామం పూర్తియైనది.

జయించిన దేశంలోని ఆచారాలను జేత యథాతథంగా పాలింపవలెనని యాజ్ఞవల్క్య స్మృతి విధించినది. గద్వాల ప్రభువుల పాలన పోయినది. తిరుమల శ్రీనివాసుని బ్రహ్మోత్సవాలకు గద్వాల నేతగాండ్రు నియమనిష్ఠలతో జోడుపంచెలు నేసి సమర్పించే ఆచారం మాత్రం నేటికీ నిలిచియున్నది.